నాన్నకు తెలిసిన ఒకే ఒక్క ఇంగ్లీషు క్రియ

మా నాన్నకు ఇంగ్లీషులో ఒకే ఒక్క క్రియ తెలుసు. నాకు కొన్ని వేలు తెలుసు, వాటిని వరుసగా వల్లించి పిల్లల ప్రాణం తోడెయ్యగలను కూడా. తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం అదే.

నా పేరు ఇందు. ఖరగ్‌పూర్ ఊళ్లోని ఝపటాపూర్‌లో మా ఇంటికి పావుగంట నడక దూరంలో ఉన్న ఒక బడిలో ఇంగ్లీషు టీచర్ని, అదీ కాంట్రాక్టు మీద. ఏటా మార్చి చివర్లో ఒక కాగితం చేతికిస్తారు, మరో ఏడాది పొడిగించడమైనది అని. ఆ కాగితం వచ్చేదాకా ప్రిన్సిపాల్ గది ముందు నుంచి నడిచేటప్పుడు చెప్పుల చప్పుడు కూడా రానివ్వను. నా నోటికి అది ఎంత కష్టమో మా ఇంట్లో వాళ్లకు తెలుసు, ఎందుకంటే అక్కడ మింగినదంతా ఇక్కడికొచ్చి కక్కుతాను.

ఈ ఏడాది ఒక పర్మనెంటు పోస్టు మంజూరైంది. దానికి ఇద్దరం మిగిలాం, నేనూ ఏంజెలా. పోస్టు రాని మనిషికి పొడిగింపు కాగితం కూడా ఉండదని ఆఫీసు గుమస్తా రహస్యంగా చెప్పాడు, అంటే బడి అంతా చెప్పాడు. పరీక్ష ఏమిటంటే, కమిటీ వాళ్లు వెనక బెంచీలో కూర్చుంటారు, మేము ఏడో తరగతికి నలభై నిమిషాల పాఠం చెప్పాలి. ఒక ఇంగ్లీషు క్రియను ఎంచుకుని దాని స్పెల్లింగు, అర్థం, పుట్టుక పిల్లలకు విప్పి చెప్పాలి. క్రియ ఎవరిష్టం వాళ్లది.

ఏంజెలా ఆంగ్లో ఇండియన్. వాళ్ల ఇంట్లో పిల్లికి కూడా ఇంగ్లీషే. పోనీ పొగరుగా ఉంటే హాయిగా తిట్టుకుందును, ఆ అదృష్టం కూడా లేదు. మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే తాతల నాటి నిఘంటువు వాళ్లింట్లో ఉంటే, తనే రిక్షాలో వేసుకొచ్చి నాకిచ్చింది. "దీంతో నా పని అయిపోయింది ఇందూ, నువ్వు చూసుకో," అంది. అంత మంచివాళ్లతో పోటీ పడాల్సి రావడం ఎంత చికాకో నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున్న అరుగు మీద ఆ నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. పలకడానికి రెండుసార్లు గుక్క తిప్పుకోవలసినంత పెద్ద మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాను. నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

మా నాన్న నూకరాజు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో దగ్గరగా అరిస్తే కొంత వినిపిస్తుంది. చెవి మిషను కొనిచ్చాం గానీ పెట్టుకోడు. అందులో ఊరంతా వినిపిస్తుందట, తనకు కావలసిన మనిషి తప్ప.

నా అవస్థ ఏమిటో ఎడమ చెవిలో అరిచి చెప్పాను. ఎదురింటి బెంగాలీ ఆవిడ కూడా విని, శుభం కలగాలని అక్కడి నుంచే చెయ్యి ఎత్తింది.

"నాకొకటొచ్చు. రాసుకో," అన్నాడు నాన్న. అని ఒక్కో అక్షరం వేలితో గాలిలో గీశాడు. ఎఫ్, ఈ, రెండు టీలు, ఎల్, ఈ.

ఫెటిల్. నాన్న పనిచేసింది ఫౌండ్రీ పక్కన ఫెట్లింగ్ షాపులో. తలుపు మీద ఆ పేరు తెల్ల రంగుతో రాసి ఉండేదట. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు బడిలో రాలేదు, ఆ తలుపు మీద చూసి వచ్చాయి. అందుకే ఇప్పటికీ ఆ మాటలో ఉన్న అక్షరాలు మాత్రం ముత్యాల్లా రాస్తాడు, మిగతావాటికి తడుముకుంటాడు.

నాకు నవ్వొచ్చింది. అది వర్క్‌షాపు మాట నాన్నా, పుస్తకాల్లో ఉండదు అన్నాను. అంటూనే ఎందుకైనా మంచిదని పేజీలు తిప్పాను. ఉంది. అరపేజీ ఉంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దాని తాత అయిన మాటకు అర్థం నడికట్టు. దాన్నుంచి నడుం బిగించడం, పనికి సిద్ధం కావడం. తర్వాత్తర్వాత సర్దడం, చక్కబెట్టడం. ఆ తర్వాత ఫౌండ్రీల్లో, పోతపోసిన ఇనుముకు అంటుకుని వచ్చిన అదనాన్ని తీసేసి దాన్ని శుభ్రం చేయడం. ఇంగ్లండు ఉత్తరాదిన ఇప్పటికీ ఇళ్లల్లో వాడతారని కూడా రాసి ఉంది. మన వాళ్లూ నడుం బిగించడమే అంటారు కదా, ఒళ్లు ఝల్లుమంది. ముప్ఫై ఆరేళ్లు మా ఇంట్లో అన్నం పెట్టిన మాటకు ఇంత వంశవృక్షం ఉందని నాకు ఆ పూటే తెలిసింది, ఇంగ్లీషు టీచర్నై ఉండి.

"అసలు ఏం చేసేవాడివి నాన్నా?" అని అడిగాను. సిగ్గుపడాల్సిన ప్రశ్నే. నేను ఆ షాపు చూసింది విశ్వకర్మ పూజ నాడు మాత్రమే. ఆ రోజు కుటుంబాలను లోపలికి రానిచ్చేవారు. అన్నీ కడిగి బొట్లు పెట్టి ఉండేవి, మిషన్లకు బంతిపూల దండలు, మాకు బూందీ పొట్లాలు. పని ఒక్కటే ఉండేది కాదు.

నాన్న చేతులతో గాల్లో ఒక ఆకారం చేశాడు. "ఇసక అచ్చులో ఇనుము పోస్తారు. అచ్చు రెండు ముక్కలు గదా, ఆ సందులోంచి ఇనుము కొంచెం బయిటికి కారి రెక్కలాగ గట్టిపడతాది. పోసిన కాడ తోకొకటి ఉండిపోతాది. ఇసక అతుక్కుంటాది. అదంతా ఉలితోటి, గ్రైండరుతోటి తీసీడమే. ఎక్కువ తీస్తే సరుకు పాడు. తక్కువ తీస్తే అతకదు. తీసినాక సుత్తితోటి కొట్టి ఇనాలి. గంటలాగ పలికితే మంచిది. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టే."

అయిపోయింది, నా క్రియ దొరికింది. మధ్యాహ్నానికల్లా పన్నెండు పేజీల పాఠం రాసేశాను. జర్మను చుట్టాలు, డచ్చి చుట్టాలు, మధ్యయుగపు వీరులు, వాళ్ల నడికట్లు, ఒకటని కాదు. భోజనాలయ్యాక నాన్నను అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను. పిల్లల మాటల్లో బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా అన్నీ కలుస్తాయి కాబట్టి పాఠమూ అలాగే చెబుతాం. వినపడదని తెలుసు. ఎవరో ఒకరు ఎదురుగా ఉంటే నాకు ఊపొస్తుంది.

చెబుతుండగా చూశాను, నాన్న జేబులోంచి సుద్దముక్క తీసి పక్కనున్న ఎర్ర గచ్చు మీద చిన్న గీత గీశాడు. కాసేపటికి ఇంకోటి. నేను పేజీ తిప్పినప్పుడల్లా కొత్త వరుస మొదలుపెడుతున్నాడు. మూడో పేజీ నా సొగసైన పేజీ, జర్మను చుట్టాలు ఉన్నది. అక్కడ ఏకంగా పదకొండు గీతలు పడ్డాయి. నాకు రెక్కలొచ్చేశాయి. గొంతు పెంచాను, చేతులు తిప్పాను, గుమ్మం వైపు తిరిగి కమిటీ అక్కడే కూర్చున్నట్టు ఊహించుకుని చిన్న చిరునవ్వు కూడా పారేశాను. ఆ చిరునవ్వుకూ ఒక గీత పడింది.

ముగించాక లెక్కపెట్టాను. ముప్ఫై నాలుగు.

"అమ్మా, చూశావా, నాన్న ముప్ఫై నాలుగు మార్కులేశాడు," అని వంటింట్లోకి కేకేశాను. మా అమ్మ చిలకమ్మ టీ గ్లాసులతో వచ్చి గచ్చు మీదికి తొంగి చూసింది. వర్క్‌షాపు మనిషి పెళ్లామై యాభై ఏళ్లయింది ఆవిడకు.

"ఓలమ్మా, అన్ని గీతలే. మార్కులు కాదే. ఫెట్లింగోలు సుద్ద గీసినారంటే అక్కడ తీసియ్యాలని," అంది.

నేనూ సుద్దముక్క మనిషినే. నా బల్లమీద గీత పడితే పిల్లాడికి ఒక మార్కు వచ్చినట్టు. నాన్న షాపులో, అచ్చులోంచి వచ్చిన ముక్కను తిప్పి చూసి, ఎక్కడ అదనం ఉందో అక్కడ గీత గీసి ఉలి వాడికి ఇచ్చేవారట. గీత ఒక్కటీ లేని ముక్క మంచి ముక్క. ఆ సంగతి తెలియక నేను తప్పుకు తప్పు కలుపుకుంటూ మురిసిపోయాను.

కోపం వచ్చేసింది. నాకు వచ్చేదే కోపం. "ఒక్క ముక్క వినపడదు కదా, ఎలా గీశావు?" అని ఎడమ చెవిలో అరిచాను.

"నాకేసి సూసి సెప్పినప్పుడు గీయలేదు. గుమ్మంకేసి, గోడకేసి సూసి సెప్పినప్పుడు గీసినాను. అప్పుడు నువ్వు నీకోసం సెప్పుకుంటన్నావు," అన్నాడు తాపీగా.

కాగితాలు అరుగు మీద విసిరేశాను. "ఈ మనిషి జన్మలో ఒక్కసారి బాగుందన్నాడా? పదో తరగతిలో ఫస్టొస్తే, లెక్కల్లో తగ్గిన మూడు మార్కులూ ఏవన్నాడు. చెవిటి మనిషికి పాఠం చెప్పడం నాదే బుద్ధి తక్కువ," అని అటు తిరిగి సణిగాను.

నాన్న టీ తాగుతున్నాడు. అమ్మ మాత్రం గ్లాసు కింద పెట్టింది. "ఆయనకి ఇనపడలేదు. నాకు ఇనపడినాది," అంది. అంతే అంది, లోపలికి వెళ్లిపోయింది. ఆ పూటంతా నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఆ చెవులు ఎక్కడ, ఎవరికి అన్నం పెట్టడానికి పోయాయో తెలిసిన నోటితోనే ఆ మాట అన్నాను.

సాయంత్రం ఎండ తగ్గాక కాగితాలు ఏరుకుని, గచ్చు మీద గీతల వరుసలు చూసుకుంటూ పేజీ పేజీ దిద్దుకున్నాను. మనసులో ఒప్పుకోవడానికి ఇష్టం లేదు గానీ, గీత పడిన ప్రతిచోటా నేను పిల్లలకు కాకుండా ఏంజెలాకు చెబుతున్నాను. నాకూ చాలా తెలుసు చూడు అని. జర్మను చుట్టాలు పోయారు, వీరులు పోయారు, నడికట్టు ఒక్కటే మిగిలింది. సోమవారం బడి నుంచి వచ్చి మళ్లీ చెప్పాను, ఆరు గీతలు. మంగళవారం చెప్పాను. నాన్న సుద్దముక్క చేత్తో పట్టుకుని చివరిదాకా కూర్చుని, లేచి, చేపలకని సంచీ తీసుకున్నాడు.

నేను అడ్డం నిలబడ్డాను. "బాగుందా?"

"బాగున్నదానికి నాతో పనేటి?" అన్నాడు, చెప్పులేసుకుంటూ.

ముప్ఫై ఆరేళ్లు మంచి భాగం మీద చెయ్యి వేయకుండా బతికిన మనిషి, మెచ్చుకోలు కూడా అలాగే చేస్తాడని నలభై దాటాక అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోలేదు. ఒక్క మాట అంటే ఏం పోతుంది.

ఇంకో భయం పట్టుకుంది. అంతా తీసేశాక పాఠం ఇరవై రెండు నిమిషాలకే అయిపోతోంది. మిగతా పద్దెనిమిది నిమిషాలు నేను ఏం చేయాలి? నాన్నను అడిగితే, సరుకు బరువు పెంచడానికి ఇసక వదిలేస్తారా అన్నాడు. మా ఆయన రాజశేఖర్ గూడ్సు బండి లోకో పైలట్, ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఫోన్లో ఆయన్ని అడిగితే, "పిల్లల్ని మాట్లాడనీ, నీకు అలవాటు లేదు గానీ," అన్నాడు. ఇలాంటి వాళ్ల మధ్య నేను బతుకుతున్నాను.

గురువారం నా వంతు. ముందు పీరియడ్‌లో ఏంజెలా చెప్పింది, పిల్లలు చప్పట్లు కొట్టడం కారిడార్‌లోకి వినిపించింది. బయటికొస్తూ నా భుజం తట్టింది. నా చేతిలో బట్టసంచీ, అందులో నాన్న తెచ్చిపెట్టిన రెండు ఇనప మూతలు. బోరింగు పంపు మూతలు పోసే చిన్న ఫౌండ్రీ ఒకటి ఆయనకు తెలుసు. ఒకటి అచ్చులోంచి తీసింది తీసినట్టే, చుట్టూ రెక్కలతో, తోకతో. రెండోది శుభ్రం చేసింది. ఆయన సుత్తి కూడా ఇచ్చాడు, ఎలా పట్టుకోవాలో మూడుసార్లు చూపించి మరీ.

బోర్డు మీద మాట రాశాను. రెండు టీలు ఎందుకో చెప్పకుండా, తలుపు మీది అక్షరాలు చూసి నేర్చుకున్న ఒక మనిషి సంగతి చెప్పాను. ఇక ఎవరూ ఆ టీలు మర్చిపోరు. ఒక అమ్మాయిని లేపి, పని మొదలుపెట్టే ముందు మీ అమ్మ ఏం చేస్తుంది అంటే, చున్నీ నడుముకు చుట్టి చూపించింది. వెయ్యేళ్ల కిందట ఈ మాటకు అదే అర్థం అన్నాను. వెనక బెంచీలో కమిటీ పెద్దావిడ రాయడం ఆపి చూసింది. మూతలు బెంచీల మీదుగా చేతులు మారాయి. పిల్లలు రెక్కల మీద వేళ్లు పెట్టి, ఇది ఉండకూడదు మిస్, ఇది తీసెయ్యాలి, దీదీ ఇక్కడ కూడా, అని వాళ్లే కనిపెట్టారు. నేను అందరి ముఖాలూ చూస్తూ చెబుతున్నాను, గోడను మర్చిపోయాను.

చివరికి శుభ్రమైన మూతను తాడుకు వేలాడదీసి సుత్తితో కొట్టాను. గంటలా పలికింది. తరగతంతా ఆ శబ్దం తగ్గేదాకా ఊపిరి బిగబట్టి విన్నది. ఒక మనిషి ముప్ఫై ఆరేళ్లు రోజూ ఇలా కొట్టి విని, మంచిదేదో పగిలిందేదో చెప్పేవాడు అన్నాను. నా పాఠం అక్కడికి అయిపోయింది.

ముందు వరుసలో అక్షిత చెయ్యెత్తింది. "అయితే మిస్, ఆయనకి చెవులు చాలా బాగా వినిపిస్తాయి కదా?"

ఆ పిల్ల తప్పేం లేదు. అంతకంటే న్యాయమైన ప్రశ్న ఉండదు. నేను నోరు తెరిచాను, మాట రాలేదు. నిఘంటువు మొత్తం తెచ్చినా ఆ క్షణంలో నాకు ఒక్క క్రియ అందేది కాదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. కమిటీ చూస్తోంది, గోడ మీద గడియారం ముల్లు తిరుగుతోంది, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"లేదమ్మా. ఆయనకి వినిపించదు. ఆ పనిలోనే పోయాయి చెవులు. ఆయన మా నాన్న," అన్నాను చివరికి.

తర్వాత ఒక పిల్ల లేచి, వాళ్ల నాన్న ట్రాక్ పనిలో ఉన్నాడని, ఆయన మోకాళ్లు నొప్పి పుడతాయని చెప్పింది. ఆయన చేసే పనికి ఇంగ్లీషులో ఏమంటారు మిస్ అంది. బోర్డు మీద రాశాను. ఇంకొకరి అమ్మ చీరలకు ఫాల్స్ కుడుతుంది, ఇంకొకరి తాత సిగ్నల్ తీగలకు గ్రీజు రాసేవాడు. గంట కొట్టేసరికి బోర్డు మీద జాగా లేదు.

భోజనాల తర్వాత పిలిచారు. పోస్టు నాదే అన్నారు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను, లేకపోతే ఏదో ఒకటి వాగేసేదాన్ని. ఇదే పాఠాన్ని వచ్చే నెల తల్లిదండ్రుల సభలో మళ్లీ చెప్పాలన్నారు. ఒక్క లోపం ఉంది, దాన్ని సరిచేసుకోమన్నారు. బయట ఏంజెలా నన్ను కావిలించుకుంది. నీకెలా అని అడిగితే, వేరే బడిలో అప్పుడే అడిగి ఉంచానంది. నిఘంటువు తిరిగివ్వబోతే, నీ దగ్గరే ఉండనీ అంది. అప్పుడు కూడా ఆమెను తిట్టుకునే వీలు దొరకలేదు.

ఇంటికొచ్చి నాన్న ఎడమ చెవిలో అరిచాను. ఎదురింటి ఆవిడ శంఖం ఊదింది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, పంచదార డబ్బా పట్టుకుని వీధిలోకి వెళ్లింది. నాన్న మాత్రం అరుగు మీద కదలకుండా కూర్చున్నాడు.

"ఏటి తీసియ్యమన్నారు?" అన్నాడు.

ఏమీ లేదంటే నమ్మడు. నమ్మినా, వాళ్లు సరిగా చూడలేదంటాడు. అందుకని చెప్పక తప్పలేదు. ఆ పిల్ల ఏమడిగిందో, చెవుల సంగతి, వీధి వీధంతా వినేలా అరిచి చెప్పాను. అక్కడ నాకు గొంతు పట్టేసింది నాన్నా, టీచరు పిల్లల ముందు అలా ఆగిపోకూడదన్నారు, సభ నాటికి అది లేకుండా సాధన చేయమన్నారు అని చెప్పాను.

"ఎంతసేపు ఆగినావు?"

"అర నిమిషం."

"ఎవలికేసి సూసినావు?"

"ఆ పిల్లకేసే."

నాన్న సుద్దముక్క ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"అది ముట్టుకోకు," అన్నాడు. "అది రెక్క కాదు. పోతలోదే."